రెండు బీరువాల ఆటగాడు

1995 మేలో హాంగ్‌కాంగ్‌లో ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీ. ఐబీఎం వాళ్లు తమ చదరంగం యంత్రం డీప్ బ్లూ నమూనాను దించారు. అందరూ దానిదే గెలుపు అనుకున్నారు. కానీ 90 మెగాహెర్ట్జ్ పెంటియం పీసీ మీద నడిచే ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాం దాన్ని ఓడించి, చివరికి టైటిలే పట్టుకుపోయింది. ఆ ఒక్క ఆటను గాలివాటం కింద కొట్టిపారేశారు. నిజానికి అసలు కబురు అందులోనే ఉంది.

రెండేళ్లకు, 1997 మే 11న, న్యూయార్క్‌లో డీప్ బ్లూతో ఆడుతూ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ 19 ఎత్తులకే ఆట వదిలేసి లేచాడు. రెండు పెద్ద బీరువాలంత డీప్ బ్లూ అప్పటికి 480 చదరంగం చిప్పులతో సెకనుకు 20 కోట్ల అమరికలను తరచి చూస్తోంది. ఇంటి పీసీ దీనికి వెయ్యి రెట్లు వెనకబడిందనుకుందాం. వేగం ఏడాదిన్నర, రెండేళ్లకోసారి రెట్టింపైతే, పది రెట్టింపులకు 15 నుంచి 20 ఏళ్లు. అంటే ఇంటి పీసీ దాన్ని అందుకోవాలంటే 2012 దాటాలి.

లెక్క తప్పింది. 2006 చివర్లో, జర్మనీలోని బాన్‌లో, నాటి ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్‌ను డీప్ ఫ్రిట్జ్ 4-2తో ఓడించింది. (రెండో ఆటలో ఆయన ఒక్క ఎత్తులో పడే ఆటకట్టును చూసుకోలేదు. పాపం, యంత్రాలకు ఆ మరుపు ఉండదు.) నడిపింది రెండు ప్రాసెసర్ల పీసీ. వేగం సెకనుకు 80 లక్షల అమరికలు, డీప్ బ్లూ వేగంలో పాతికో వంతు!

గుట్టంతా అక్కరలేని దారులను వదిలెయ్యడంలో ఉంది. ఉదాహరణకు ‘నల్ మూవ్’. మన వంతు వదులుకుని, ఎదుటివాడిని వరసగా రెండు ఎత్తులు వెయ్యనిచ్చినా మనదే పైచేయి అనిపిస్తే, అలాంటి చోటికి వాడు రమ్మన్నా రాడు. ఇక ఆ దారిని లోతుగా తవ్వడం దండగ. ఫ్రిట్జ్ ఈ చిట్కాను ముందే పట్టింది. డీప్ బ్లూ వాడనే లేదు.

డీప్ బ్లూను, డీప్ ఫ్రిట్జ్‌ను ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చే వీలు మాత్రం లేకపోయింది. కాస్పరోవ్ మళ్లీ ఆడదామన్నా ఐబీఎం ఒప్పుకోలేదు. డీప్ బ్లూ బీరువాలు రెండూ చెరో మ్యూజియానికి చేరాయి.

2009లో బ్యూనస్ ఎయిరెస్ టోర్నమెంటులో పాకెట్ ఫ్రిట్జ్ 10 ఆటల్లో 9.5 పాయింట్లు కొట్టింది. సెకనుకు 20 వేల అమరికలు కూడా చూడలేని సెల్‌ఫోన్‌లో.