కడుపు ఉబ్బరం... తప్పంతా బ్యాక్టీరియాదేనా?

తిన్న కాసేపటికే పొట్ట ఉబ్బుతుంది. మెలితిప్పే నొప్పి. కొందరికి పొద్దున్నే మూడు నాలుగుసార్లు విరేచనం, మరికొందరికి రోజుల తరబడి మలబద్ధకం. ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. చివరికి డాక్టర్ ‘ఐబీఎస్’ అంటారు, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. ఇక అక్కణ్నుంచి చుట్టాల సలహాలు, యూట్యూబ్ వైద్యాలు మొదలవుతాయి.

అపోహ: రిపోర్టులన్నీ బాగున్నాయంటే జబ్బు లేనట్టే. అంతా మనసులోనే ఉంది.

వాస్తవం: స్కానింగ్‌లో కనపడనంత మాత్రాన జబ్బు లేదని కాదు. గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి రావడం, దానికి తోడు విరేచనాల తీరు మారడం వంటి లక్షణాలను బట్టి ఐబీఎస్‌ను నిర్ధారిస్తారు. ఆందోళన దీన్ని పెంచుతుంది, నిజమే. కానీ కొందరిలో అసలు మొదలు ఒక ఇన్ఫెక్షన్. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీరు కలుషితమై 2,000 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పరిశీలిస్తే, విరేచనాలు తగ్గిపోయినా చాలామందిలో ఐబీఎస్ మిగిలిపోయినట్టు తేలింది.

అపోహ: కడుపులో చెడ్డ బ్యాక్టీరియా చేరింది. యాంటీబయాటిక్‌తో కడిగేస్తే సరి.

వాస్తవం: మన దగ్గర ఇలాంటి కడుపు బాధకు పెట్టే పేరు ‘అమీబా’. పరీక్షలో ఏమీ తేలకపోయినా మెడికల్ షాపులో మెట్రోనిడజోల్ కొనుక్కుని ఏడాదికి రెండు మూడు కోర్సులు మింగేవాళ్లున్నారు. అమీబియాసిస్ ఉంటే ఆ మందు పనిచేస్తుంది. లేకపోతే పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియాకే దెబ్బ. రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్‌ను మాత్రం విరేచనాలు ఎక్కువగా ఉండే రకం ఐబీఎస్‌కు అమెరికాలో 2015లో ఆమోదించారు. రెండు వారాల కోర్సు అది. అందరికీ పనిచేయదు, పనిచేసినవారిలోనూ చాలామందికి లక్షణాలు మళ్లీ వస్తాయి. పైగా అది డాక్టర్ చూసి రాయాల్సిన మందు.

అపోహ: ఐబీఎస్ ఉన్నవాళ్ల కడుపులో గ్యాస్ ఎక్కువ తయారవుతుంది.

వాస్తవం: అన్నిటికంటే గట్టిగా నాటుకుపోయిన అపోహ ఇదే. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు ఆరోగ్యవంతులకూ, ఐబీఎస్ ఉన్నవారికీ ఇనులిన్ కలిపిన పానీయం తాగించి ఎంఆర్ఐ తీశారు. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే పిండిపదార్థాల కుటుంబానిదే ఈ ఇనులిన్. మన పేగులు దాన్ని అరిగించుకోలేవు, పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడుతుంది. గ్యాస్ ఇద్దరిలోనూ దాదాపు సమానంగానే తయారైంది. బాధ పడింది మాత్రం ఎక్కువగా ఐబీఎస్ ఉన్నవారే. అంటే బ్యాక్టీరియా తన పని తాను చేస్తోంది. ఆ కాస్త సాగుడును కూడా నొప్పిగా తీసుకునేంత సున్నితంగా మారింది పేగు నరాలే. మామూలు గ్యాస్ మాత్రలు చాలామందికి పెద్దగా పనిచేయకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అపోహ: కారం, మసాలాలు మానేస్తే చాలు.

వాస్తవం: కొందరికి మిరపకారం మంట పెడుతుంది, వాళ్లు తగ్గించుకోవాల్సిందే. కానీ కారం మానేసి ముద్దపప్పు, ఉల్లిపాయల పులుసు, గ్లాసుడు పాలతో సరిపెట్టుకునేవారికి ఉబ్బరం తగ్గదు. బ్యాక్టీరియా ఇట్టే పులియబెట్టే పిండిపదార్థాలు ఉన్నది వాటిలోనే. వీటన్నిటికీ కలిపి ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ‘ఫాడ్‌మ్యాప్’ అని పేరు పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కందిపప్పు, శనగలు, పాలు, మామిడిపండు ఈ జాబితాలోవే. గోధుమ అనగానే అందులోని గ్లూటెన్ అనే ప్రొటీన్‌ను తిట్టడం ఫ్యాషనైంది. గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి లేనివారిలో చాలాసార్లు అసలు ముద్దాయి గోధుమలోని ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలే.

ఇక్కడ మన వంటింటికి ఊరట ఉంది. వరి అన్నంతో ఈ పేచీ లేదు. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. తాలింపు నూనెలో రెబ్బలు వేయించి, వాటిని తీసేసి, ఆ తర్వాత చారు పోయండి. రుచి దక్కుతుంది, బాధ తగ్గుతుంది. రెబ్బలు చారులో ఉడికితే మాత్రం ఫ్రక్టాన్లు అందులోకి దిగిపోతాయి. పప్పులు నానబెట్టిన నీళ్లు పారబోసి వండుకుంటే ఇబ్బంది కొంత తగ్గుతుంది.

అపోహ: ఒకసారి మానేస్తే జన్మంతా పథ్యమే.

వాస్తవం: కాదు, కాకూడదు కూడా. ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించి తినడం రెండు నుంచి ఆరు వారాల పరీక్ష మాత్రమే. తర్వాత ఒక్కొక్కటి తిరిగి తిని చూసి, మీకు పడనిదేదో, ఎంతవరకు పడుతుందో తేల్చుకోవాలి. మోనాష్ బృందమే 2015లో మరో సంగతి చెప్పింది: ఫాడ్‌మ్యాప్ తక్కువగా ఉన్న ఆహారంతో పేగుల్లోని బ్యాక్టీరియా మొత్తం తగ్గుతోందని. అంటే మీకు ఉబ్బరం తెచ్చిపెట్టే ఆ పిండిపదార్థాలే వాటి తిండి. అందుకే డైటీషియన్ పర్యవేక్షణ మంచిది, ముఖ్యంగా ఇప్పటికే బరువు తక్కువగా ఉన్నవారికి. పీచు కావాలంటే గోధుమ తవుడు కాదు, ఇసబ్‌గోల్ వాడి చూడండి. కొద్దికొద్దిగా మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ.

అపోహ: మల పరీక్ష చేయించుకుని, దానికి తగ్గ ప్రోబయోటిక్ కొనుక్కుంటే తగ్గుతుంది.

వాస్తవం: ఆరోగ్యవంతుల పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఎంత ఉండాలో చెప్పే ప్రామాణిక కొలత ఏదీ లేదు. అలాంటప్పుడు వేలు పోసి కొనే ఆ మైక్రోబయోమ్ రిపోర్టు దేనితో పోల్చి చెబుతుంది? ప్రోబయోటిక్స్ మీద డాక్టర్లకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ నిపుణుల 2021 మార్గదర్శకాలు వద్దన్నాయి. అదే ఏడాది బ్రిటన్ నిపుణులు 12 వారాల వరకు వాడి, గుణం లేకపోతే ఆపేయమన్నారు. ఇడ్లీ కూడా ప్రోబయోటిక్కేనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. పిండి పులిసిన మాట నిజమే, కానీ ఆవిరికి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, అది చాలదూ!

ఐబీఎస్ క్యాన్సర్‌గా మారదు. అయితే మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు ఐబీఎస్ ఖాతాలో వేయాల్సినవి కావు. పేగుల క్షయ ఇంకా కనిపించే దేశం మనది. వీటిలో ఏ ఒక్కటున్నా తిండి ప్రయోగాలు పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించుకోండి.