మీకు తెలుసా? లైనక్స్ ముందు తెచ్చుకునేది జాబితానే!

ఉబుంటు, డెబియన్‌లలో 'ఆప్ట్ అప్‌డేట్' కమాండ్ కొడితే ఒక్క సాఫ్ట్‌వేర్ కూడా మారదు. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో దొరుకుతుందో చెప్పే జాబితా మాత్రమే తాజా అవుతుంది.

• ముందుగా వచ్చేది 'ఇన్‌రిలీజ్' అనే చిన్న ఫైలు. అందులో డిజిటల్ సంతకం, మిగతా జాబితాల హ్యాష్ విలువలు ఉంటాయి. అది మారకపోతే తెరపై 'హిట్' అని కనిపిస్తుంది. మారితే, హ్యాష్‌లో తేడా ఉన్న జాబితాలే డౌన్‌లోడ్ అవుతాయి.

• డెబియన్ 'పీడిఫ్' పద్ధతిలో జాబితా మొత్తం కాకుండా మార్పులు మాత్రమే వస్తాయి.

• ఫెడోరాలో ఆప్ట్ లాంటి పని చేసే 'డీఎన్‌ఎఫ్', 2024లో వచ్చిన ఫెడోరా 40 నుంచి, ప్యాకేజీల్లోని ఫైళ్ల పేర్లన్నీ ఉండే భారీ జాబితాను అవసరమైతే తప్ప తెచ్చుకోదు.

ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేస్తుంటే '404' ఎర్రర్ వచ్చిందా? మీ జాబితా పాతబడి ఉండొచ్చు. ముందు అప్‌డేట్ కొట్టి చూడండి.