ట్రైపాడ్ బరువు తగ్గితే గురి తప్పుతుందా..? అమెరికా కొండల్లో వేటగాళ్లు వేసుకునే లెక్క ఇదీ!

బరువు తగ్గితే నడక సుఖం.. బరువు ఉంటే గురి భద్రం. అమెరికా పశ్చిమ రాష్ట్రాల కొండల్లో వేటకు వెళ్లేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఇదే. మూడు కాళ్ల స్టాండ్ విషయంలో ఇంత ఆలోచన ఎందుకు? తేలికైన ట్రైపాడ్‌తో ఎంత దూరం వరకు కాల్చొచ్చు? ఎక్కడ ఆగాలి? పూర్తి వివరాలు చూద్దాం.

కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో.. ఈ రాష్ట్రాల్లో లైసెన్సుతో వేట చట్టబద్ధం. సీజన్ వస్తే చాలామంది ఎల్క్, మ్యూల్ డీర్ లాంటి జింక జాతుల కోసం రోడ్డు వదిలేసి కొండల్లోకి నడుస్తారు. దీన్నే బ్యాక్‌కంట్రీ హంటింగ్ అంటారు. టెంటు, తిండి, నీళ్లు, రైఫిల్, బైనాక్యులర్.. అన్నీ వీపు మీదే. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అన్నట్టు, బ్యాగులో ప్రతి వంద గ్రాములకూ ఇక్కడ లెక్క ఉంటుంది. జంతువు దొరికితే తిరుగు ప్రయాణంలో మాంసం కూడా మోయాలి. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం చాలా రాష్ట్రాల్లో నేరం.

అసలు ట్రైపాడ్ ఎందుకు?

నేల మీద పడుకుని, రైఫిల్ ముందు భాగానికి బిగించే రెండు కాళ్ల బైపాడ్‌తో కాల్చడమే అన్నిటికంటే స్థిరమైన పద్ధతి. కానీ కొండ వాలులో అది అన్నిసార్లూ కుదరదు. పడుకుంటే ఎదురుగా గడ్డి, పొదలు అడ్డొస్తాయి. కూర్చునో, మోకాలి మీద ఉండో, నిలబడో కాల్చాల్సి వస్తుంది. ఆ ఎత్తుకు అందేది ట్రైపాడే.

నిజానికి వేటలో ట్రైపాడ్ ఎక్కువ సేపు మోసేది రైఫిల్‌ని కాదు, బైనాక్యులర్‌ని! వేటగాళ్లు ఒక గుట్ట ఎక్కి, ఎదుటి కొండను గంటల తరబడి అంగుళం అంగుళం వెతుకుతారు. దీన్ని గ్లాసింగ్ అంటారు. 10 రెట్లు పెద్దగా చూపించే బైనాక్యులర్ చేతి వణుకునీ 10 రెట్లు పెంచి చూపిస్తుంది. అదే ట్రైపాడ్ మీద పెడితే బొమ్మ కదలదు. పొద చాటున కదిలిన చెవి కూడా కంటపడుతుంది.

ఒక్క మిల్లీమీటర్ ఏం చేస్తుంది?

లెక్క చాలా సింపుల్. వెనక భుజం దగ్గర ఆనించిన మీటరు పొడవు రైఫిల్ మొన ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగిందనుకుందాం. తూటా తగిలే చోటు..

* 100 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు తప్పుతుంది
* 300 మీటర్లలో 30 సెంటీమీటర్లు
* 500 మీటర్లలో 50 సెంటీమీటర్లు

మ్యూల్ డీర్ ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం వెడల్పు సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్లే. అంటే మధ్యకు గురిపెట్టినా అటూ ఇటూ 10, 12 సెంటీమీటర్లకు మించి తేడా రాకూడదు. 500 మీటర్ల దూరంలో అయితే రైఫిల్ మొన మిల్లీమీటర్‌లో నాలుగో వంతు కూడా కదలకూడదన్నమాట. ఆ గీత దాటితే తూటా పొట్టలోనో, కాలికో తగులుతుంది. జంతువు వెంటనే చావదు. గాయంతో పరుగెత్తి, ఎక్కడో కనపడని చోట గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. అందుకే ఇక్కడ స్థిరత్వం అంటే వేటగాడి స్కోరు కాదు, జంతువు పడే బాధ.

తేలికగా ఎలా చేస్తారు?

మొదటి కిటుకు కార్బన్ ఫైబర్. అల్యూమినియం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 2.7 గ్రాములైతే, కార్బన్ ఫైబర్ గొట్టాలది సుమారు 1.6 గ్రాములే. పైగా వణుకును త్వరగా పీల్చుకుంటుంది. గడ్డకట్టే చలిలో చేతికి లోహం అంత చల్లగా తగలదు.

రెండో కిటుకు కాళ్లను సన్నగా చేయడం. ఇక్కడే అసలు సమస్య మొదలవుతుంది. గోడ మందం ఒకటే అయితే, గొట్టం వంగకుండా నిలిచే బలం దాదాపు దాని వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల గొట్టం కంటే 32 మిల్లీమీటర్ల గొట్టం దాదాపు రెండు రెట్లు గట్టిగా నిలుస్తుంది. వ్యాసంలో తేడా 7 మిల్లీమీటర్లే, ఫలితంలో మాత్రం రెండింతలు!

మూడోది కాళ్లలో ముక్కల సంఖ్య. నాలుగు ముక్కల కాలు మడిస్తే చిన్నగా బ్యాగులో పడుతుంది. కానీ జాయింట్లు ఎక్కువ, అడుగు ముక్క మరీ సన్నం. మూడు ముక్కల కాలు మడిచినా పొడవుగానే ఉంటుంది కానీ గట్టిది.

మోయడానికి అనువైన ట్రైపాడ్‌లు హెడ్‌తో కలిపి సుమారు కిలో నుంచి కిలోన్నర తూగుతాయి. షూటింగ్ పోటీల్లో వాడే బరువైనవి రెండున్నర కిలోలు దాటుతాయి. పోటీలో స్టాండ్‌ని కొద్ది దూరమే మోస్తారు. కొండల్లో రోజంతా మోయాలి. అందుకే పోటీలో గెలిచినవాళ్ల ట్రైపాడ్ చూసి వేటకు కొనడం చాలాసార్లు వృథా ఖర్చే.

తేలికైనదాన్నే గట్టిగా నిలబెట్టే పద్ధతులు

* మధ్య స్తంభాన్ని పైకి లేపొద్దు. లేపితే మూడు కాళ్ల స్టాండ్ మీద ఒంటికాలి కర్ర పెట్టినట్టే. స్తంభం లేని మోడల్ అయితే బరువు కూడా కలిసొస్తుంది.
* నిలబడి కాల్చడం కంటే కూర్చుని కాల్చడం మేలు. సన్నని అడుగు ముక్కలు లోపలే ఉంటాయి, కాళ్లు వెడల్పుగా పరచొచ్చు.
* వాలు మీద రెండు కాళ్లు కిందివైపు, ఒక కాలు పైవైపు ఉండాలి.
* కింద కొక్కేనికి బ్యాగు తగిలిస్తే బరువు పెరుగుతుంది. గాలికి ఊగకుండా బ్యాగు అడుగు నేలను తాకేలా చూడాలి.
* రైఫిల్ ముందు భాగం ట్రైపాడ్ మీద ఉన్నా, వెనక భాగం గాల్లోనే ఉంటే వణుకు పోదు. మోచేతి కింద బ్యాగో, రైఫిల్ వెనక భాగం కింద నడక కర్రలో ఆనిస్తే సగం సమస్య తీరినట్టే.

రైఫిల్‌కి ఆర్కా-స్విస్ పట్టా ఉంటే నేరుగా హెడ్‌లో బిగుస్తుంది. కెమెరా రంగం నుంచి వచ్చిన ఈ పట్టా వల్ల బైనాక్యులర్ తీసి రైఫిల్ పెట్టడం సెకన్ల పని.

ట్రైపాడ్ ఆపలేనిది ఏంటి?

గాలి! గంటకు 16 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి, 500 మీటర్ల దూరంలో చాలా రకాల తూటాలను అడుగుకు పైగా పక్కకు నెట్టేస్తుంది. పైగా అంత దూరం చేరడానికి తూటాకు అర సెకనుకు పైనే పడుతుంది. ఆలోపు జింక ఒక్క అడుగు వేసినా లెక్క మొత్తం మారిపోతుంది. చేతి వణుకును ట్రైపాడ్ ఆపుతుంది. గాలినీ, జింక అడుగునీ ఆపలేదు.

అయితే స్థిరమైన స్టాండ్ దొరికిందంటే ధైర్యం పెరుగుతుంది, ధైర్యంతో పాటు దూరమూ పెరుగుతుంది. అమెరికాలో ఇప్పుడు చర్చంతా దీని గురించే. థియోడర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, ప్రమాదాన్ని పసిగట్టే అవకాశమే జంతువుకు ఇవ్వని లాంగ్ రేంజ్ వేటను తప్పుబడుతోంది. ఐడహోలో అయితే స్కోపు, ఇతర అటాచ్‌మెంట్లతో కలిపి 16 పౌండ్లు, అంటే సుమారు 7.25 కిలోలు దాటిన తుపాకీతో పెద్ద జంతువులను వేటాడకూడదని రూలే ఉంది.

అనుభవం ఉన్న వేటగాళ్లు పాటించే పద్ధతి వేరు. సీజన్‌కు ముందే అదే ట్రైపాడ్‌తో, అదే బ్యాగుతో, కొండెక్కిన ఆయాసంతో కాల్చి చూసుకుంటారు. పదికి పది ఆ 20 సెంటీమీటర్ల గుండ్రంలో పడే దూరమే వాళ్ల హద్దు. అది 250 మీటర్లయితే 250 మీటర్లే. అంతకు మించితే కాల్చరు, దగ్గరికి నడుస్తారు. ట్రైపాడ్ తేలికగా ఉండటం అసలు పనికొచ్చేది ఆ నడకకే.

మరి మన దగ్గర?

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. కాబట్టి ఇక్కడ ఈ ట్రైపాడ్ మీద ఉండాల్సింది బైనాక్యులర్, కెమెరా, ఫోన్ మాత్రమే. కొల్లేరు, నేలపట్టు, పులికాట్‌లలో పక్షుల్ని చూసేవాళ్లకీ, ఫోన్‌తో వీడియోలు తీసేవాళ్లకీ పై సూత్రాలన్నీ వర్తిస్తాయి. జూమ్ ఎంత పెంచితే వణుకు అంత పెరుగుతుంది. కొనేముందు షాపులోనే ట్రైపాడ్‌ని పూర్తిగా తెరిచి, పైభాగాన్ని వేలితో తట్టి చూడండి. వణుకు ఎంత త్వరగా ఆగితే అంత మంచి ట్రైపాడ్ అన్నట్టు.