ప్రమాదం – అప్రమత్తత

తెల్లవారకముందే ఎల్బీనగర్ కూడలిలో విజయవాడ రహదారి వైపు ముఖం పెట్టి కొన్ని బస్సులు ఆగి ఉంటాయి. చౌటుప్పల్ పరిసరాలలోని ఔషధ, రసాయన కర్మాగారాలకు కార్మికులను, కెమిస్టులను తీసుకొనిపోయే బస్సులవి. ఇంచుమించు అదే వేళకు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి వీధులలోని వసతిగృహాల నుండి విద్యార్థులు పుస్తకాలు చేతపట్టుకొని శిక్షణ కేంద్రాలకు బయలుదేరుతారు. నేడు పుస్తకాలు మోసేవారిలో కొందరు నాలుగైదేళ్ళకు ఆ బస్సులెక్కుతారు. కనుక ఆ బస్సు చేరేచోట ఏ ముప్పు పొంచి ఉంటుందో, దానిని ముందుగా ఎట్లా అంచనా వేస్తారో తెలుసుకోవడం అనవసరం కాదు.

‘ప్రమాదం’ అనే మాటనే తీసుకుందాం. సంస్కృతంలో ఈ పదానికి ముఖ్యార్థం ఏమరుపాటు. ప్రమత్తుడంటే ఏమరి ఉన్నవాడు, అప్రమత్తుడంటే మెలకువతో ఉన్నవాడు. ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునితో మృత్యువును గురించి చర్చించినప్పుడు ఈ పదాన్ని ఆ అర్థంలోనే వాడాడు. తెలుగులో మాత్రం ఏమరుపాటు వలన కలిగే కీడుకే అది పేరయింది. కారణానికి ఉన్న పేరు కార్యానికి సంక్రమించింది. అందువలన ‘ప్రమాదవశాత్తు జరిగింది’ అన్నప్పుడు, అది ఎవరి చేతిలోనూ లేని దైవఘటన అనే భావం మనకు కలుగుతున్నది. రసాయన పరిశ్రమల చరిత్ర చదివితే పాత అర్థమే సరైనదనిపిస్తుంది.

ముప్పు వేరు, అపాయం వేరు. లోతైన బావి ఒక ముప్పు. దానికి పిట్టగోడ ఉన్నదా, పక్కన పిల్లలు ఆడుకొంటారా, రాత్రివేళ దీపం వెలుగుతుందా అనే వాటిని బట్టి అపాయం పెరుగుతుంది, తగ్గుతుంది. కీడు జరిగే అవకాశమెంత, జరిగితే దాని తీవ్రత ఎంత అని రెండింటినీ కలిపి తూచడమే మూల్యాంకనం. అరుదుగా జరిగేదైనా ఊరినే కబళించగలిగితే దానిని తేలికగా తీసివేయరాదు.

ఈ పరిశీలనకు ‘హజాప్’ అనే పద్ధతి లోకమంతటా వాడుకలో ఉంది. 1960ల దశకంలో బ్రిటన్‌లోని ఐ.సి.ఐ. అనే రసాయన సంస్థలో ఇది రూపుదిద్దుకొంది. యంత్రాన్ని రూపొందించినవారు, నడిపేవారు, మరమ్మతు చేసేవారు, రసాయన శాస్త్రజ్ఞులు ఒకచోట కూర్చుంటారు. కర్మాగారపు గొట్టాల పటాన్ని ముందు పరచుకొని ఒక్కొక్క భాగాన్ని విడదీసి పరిశీలిస్తారు. మనం పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్లే ఉంటుందిది. (ప్రతిపదార్థం వదిలి నేరుగా తాత్పర్యానికి దూకే విద్యార్థులకు ఇక్కడ చోటులేదు.) ప్రతి భాగం వద్ద ‘లేదు’, ‘ఎక్కువ’, ‘తక్కువ’, ‘వెనుకకు’, ‘వేరొకటి’ వంటి మార్గదర్శక పదాలతో ప్రశ్నలు వేస్తారు.

ఇంటిలోని ప్రెషర్ కుక్కరుతో ఇది సులభంగా బోధపడుతుంది. నీరు ‘లేదు’ అయితే ఏమవుతుంది? అడుగు మాడి పాత్ర వేడెక్కుతుంది. ఒత్తిడి ‘ఎక్కువ’ అయితే? విజిల్ లేచి ఆవిరిని వదులుతుంది. విజిల్ రంధ్రంలో పప్పు అడ్డుపడితే? మూతపై ఉన్న సేఫ్టీ వాల్వు తెరుచుకొంటుంది. ఆ వాల్వు పాడైతే, ఎవరో దాని స్థానంలో కొలతకు సరిపోని బిళ్ళ బిగించి ఉంటే? వంటవారిలో నూటికి తొంబదిమంది ఈ చివరి ప్రశ్న దాకా రారు. హజాప్ బృందం వచ్చి తీరాలి. ఒక రక్షణ విఫలమైతే మరొకటి ఉండాలి. అవన్నీ ఒకే కారణంతో ఒక్కసారి విఫలం కాకూడదు కూడా.

ఒకసారి లెక్క కట్టిన అపాయం ఎప్పటికీ అట్లాగే ఉండదు. 1974 జూన్ 1న ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో కర్మాగారం పేలి 28 మంది మరణించారు. వరుసగా ఉన్న రియాక్టర్లలో ఒకదానికి పగులు వస్తే దానిని తొలగించి, అటూ ఇటూ ఉన్న రెండింటినీ తాత్కాలికంగా ఒక గొట్టంతో కలిపారు. ఆ గొట్టానికి పటమంటూ గీసినది పనిశాల గచ్చు మీద సుద్దముక్కతో మాత్రమే. మూల కర్మాగారానికి ఎంత లెక్క ఉన్నా, ఆ కొత్త గొట్టానికి ఏ లెక్కా లేదు.

మన నేల మీది ఉదాహరణ ఇంకా దగ్గరిది. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నం గోపాలపట్నం వద్ద ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి ఊరిపైకి వ్యాపించింది. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ సమయానికి కర్మాగారంలో ఉత్పత్తి జరగడం లేదు. కరోనా లాక్‌డౌన్ వలన మార్చి చివరివారం నుండి ఆగిపోయి ఉన్నది. పని ఆగితే ముప్పు కూడా ఆగుతుందని సామాన్యుడు భావిస్తాడు. స్టైరీన్ స్వభావం అది కాదు. దాని అణువులు తమంతట తామే ఒకదానితో ఒకటి పెనవేసుకొంటాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. అందుచేత దానిని చల్లగా ఉంచాలి, చర్యను అదుపు చేసే టి.బి.సి. అనే రసాయనాన్ని తగినంత కలుపుతూ ఉండాలి.

రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అక్కడ జరిగినదానిని పరిశీలించింది. శీతలీకరణ యంత్రాన్ని రాత్రులు ఆపివేస్తున్నారు. టి.బి.సి. సరిగా కలపలేదు. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగుభాగంలోనే కొలుస్తున్నారు. కొన్ని నెలల ముందు గొట్టాల అమరికలో చేసిన మార్పు వలన ట్యాంకులోని ద్రవం పై నుండి క్రింది దాకా సరిగా కలవడం మానుకొంది. అడుగున చల్లగా ఉన్న కొలత సూచికలో కనిపిస్తూ ఉండగా, పైపొర మరుగుతూ వచ్చింది. హజాప్ పదాలతో చెప్పాలంటే ప్రసరణ ‘తక్కువ’, ఉష్ణోగ్రత ‘ఎక్కువ’, టి.బి.సి. ‘లేదు’. ఈ మూడు ప్రశ్నలూ లాక్‌డౌన్ మొదలైన రోజున ఎవరైనా ఒక బల్ల చుట్టూ కూర్చొని వేసుకొని ఉండవలసింది.

భోపాల్ విషాదం 1984లో జరిగిన తరువాత మన దేశంలో చట్టాలు రాలేదని కాదు. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో సవరణ వచ్చింది. ప్రమాదకర రసాయనాల నిబంధనలు 1989లో వచ్చాయి. కర్మాగారం లోపలికే గాక, చుట్టూ ఉన్న ఊళ్ళకు కూడా అత్యవసర ప్రణాళిక ఉండాలని, అక్కడి ప్రజలకు ముప్పును గూర్చి తెలియజేయాలని ఆ నిబంధనలు చెబుతాయి. ఈ చివరి భాగమే కాగితాల మీద ఎక్కువగా మిగిలిపోతున్నది.

కర్మాగారాలలో ఎత్తైన చోట గుడ్డతో చేసిన ఒక గొట్టం ఎగురుతూ కనిపిస్తుంది. గాలి ఎటు వీస్తున్నదో అది చూపుతుంది. విషవాయువు లీకైనప్పుడు గాలి పోయే దిశలో పరుగెత్తకూడదు, దానికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. స్టైరీన్ ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలబారున, పల్లానికి పాకుతుంది. ఈ రెండు సంగతులు ఆ ఊరివారికి ఎవరు చెప్పి ఉండాలి? ఆ రాత్రి కర్మాగారంలో సైరన్ మోగలేదు. వెంకటాపురం ప్రజలు ఊపిరాడక మేలుకొని, చీకటిలో తోచిన దిక్కుకు పరుగెత్తారు.