మన పార్కు పేరు జాబితాలో ఉందా?

ఇంగ్లండులో మన పిల్లలు ఆడుకునే పార్కుకు చరిత్ర ఉందేమో ఎప్పుడైనా చూశారా? హిస్టారిక్ ఇంగ్లండ్ వెబ్‌సైటులోని చారిత్రక ఉద్యానవనాల జాబితాలో 1,600కి పైగా తోటలున్నాయి. పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. జాబితాలో పాత పేరు ఉండవచ్చు. రోజూ డేటాబేసులతో కుస్తీపట్టేవాడిగా నా సలహా: పోస్ట్‌కోడు ఇచ్చి మ్యాపులో వెతకండి. లివర్‌పూల్ పక్కనున్న బర్కెన్‌హెడ్ పార్కు అందులో మొదటి గ్రేడు. 1847లో జనం కోసం తెరిచిన ఆ పార్కును చూసివెళ్ళిన ఓమ్‌స్టెడ్, తరవాత న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపకర్తల్లో ఒకరయ్యారు.

జాబితాలో ఉంటే చాలు, ఇక ఎవరూ ఏమీ కట్టలేరనుకోకండి. కాకపోతే, ప్లానింగ్ అనుమతి ఇచ్చేముందు కౌన్సిల్ ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

మా వీధి పార్కు జాబితాలో లేదు. చేర్చమని ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చట. మనమూ ఆ ‘ఎవరైనా’లో వాళ్ళమే కదా!