గడప దగ్గర నిమ్మకాయ

మీలో "తులసిదళం" చదవనివాళ్ళు ఎంతమంది? ఎక్కువమంది ఉండరని నా నమ్మకం. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ఆ సీరియల్‌ని మా అమ్మ వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి దాచుకుంది. ఆరో తరగతి వేసవి సెలవుల్లో బియ్యం డ్రమ్ము వెనక నాకు దొరికింది. చదివేశాను. ఆ తర్వాత నెల్లాళ్ళు రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే తమ్ముణ్ణి బతిమాలుకోవాల్సి వచ్చింది!

దానికి రెండో భాగం "తులసి" ఉందని తెలుసుగానీ చేతికి రాలేదు. పెళ్ళయి ఈ బషీరాబాద్ వచ్చాక, ఓ పదిహేనేళ్ళ కిందట, మావారితో హైదరాబాద్ వెళ్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కనబడింది. అట్ట లేదు. చివరి పేజీ ఉందో లేదో చూసుకుని మరీ కొన్నాను. (పాత నవల కొనేటప్పుడు మీరూ ముందు ఆ పని చేయండి.)

రెండో భాగంలో రుచే వేరండీ. మొదటి దాంట్లో శ్రీధర్, శారద, పాప తులసి మనకి కొత్తవాళ్ళు. ఏం జరుగుతుందోనని భయం, అంతే. రెండో దానికొచ్చేసరికి వాళ్ళు మన చుట్టాలైపోతారు. కాష్మోరా అంటే ఏమిటో కూడా మనకి తెలిసిపోయింది. ఇక గండం గడిచిందిలే అని ఆ ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటే, "గడవలేదు తల్లీ!" అని కేకెయ్యాలనిపిస్తుంది. తెలియని భయం కంటే తెలిసిన భయం మళ్ళీ తలుపు తట్టడం ఎక్కువ వణికిస్తుందేమో! ఇంగ్లీషులో "ది ఎక్సార్సిస్ట్" నవల 1971లో రాసిన విలియం పీటర్ బ్లాటీ కూడా పన్నెండేళ్ళు ఆగి, 1983లో "లీజియన్" పేరుతో దాని తరువాయి రాశాడు. మన "తులసి" అయితే 1986లో "కాష్మోరా" అని సినిమాగా కూడా వచ్చింది. నన్నడిగితే పుస్తకమే మేలు. సినిమాలో కాష్మోరా వాళ్ళు చూపించినంతే ఉంటుంది, పుస్తకంలో మనం భయపడినంత!

ఒక చేత్తో జొన్నరొట్టె కాలుస్తూ, ఇంకో చేత్తో పేజీ తిప్పుతూ చదివాను. రెండుసార్లు కందిపప్పు మాడింది. మా తాండూరు కందిపప్పు! 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది దానికి. అలాంటి పప్పు మాడ్చినందుకు మా అత్తమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

సగం అయిందో లేదో, పాపకి జ్వరం వచ్చింది. మావారు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో రాత్రి షిఫ్టు. అత్తమ్మ ఊరెళ్ళింది. థర్మామీటర్ 103 చూపిస్తోంది. తడిగుడ్డకి నీళ్ళు తెద్దామని తలుపు తీస్తే గడప దగ్గర నిమ్మకాయ. దాని మీద కుంకుమ!

నా కాళ్ళు చచ్చుబడిపోయాయి. పక్కింట్లో ఓ అవ్వ ఉంటుంది. ఎప్పుడూ తనలో తనే ఏదో గొణుక్కుంటుంది, మా పాప కనబడితే తల నిమురుతుంది. అదంతా ఒక్కసారిగా నా కళ్ళముందు ఇంకోలా తిరిగింది. పొద్దున ఎందుకు నిమిరింది? ఏం గొణిగింది? చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, మావారు రాగానే ఏం చెప్పాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

మా వైపు బాణామతి అనే మాట ఎంత చెడ్డదో నాకు తెలియక కాదు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఉమ్మడి మెదక్, రంగారెడ్డి జిల్లాల నుంచి ఎన్నిసార్లు రాలేదు! మాకు దగ్గర్లోనే హద్దు దాటితే కర్ణాటక. అక్కడ ఇలాంటి దురాచారాల మీద 2017లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. మూఢనమ్మకాలు పెంచుతోందని రంగనాయకమ్మగారు "తులసిదళం"ని ఘాటుగా విమర్శించినప్పుడు, కథని కథలా చదవలేరా అని నేను విసుక్కునేదాన్ని. అలా విసుక్కున్న నేనే ఆ రాత్రి నిమ్మకాయ వైపు చూస్తూ నిలబడ్డాను.

పాప ఏడుపు విని అవ్వే వచ్చింది. "బిడ్డకు గిట్ల కాల్తుంటే నన్ను లేపొద్దా?" అని కసిరి, తన పాత చీర చింపి తడిపి నుదుటి మీద వేసింది. తెల్లవార్లూ కూర్చుంది. గొణుగుడు దగ్గర్నుంచి విన్నాను. పోయిన తన కూతురితో మాట్లాడుకుంటోంది.

పొద్దున్నే తాండూరు తీసుకెళ్తే టైఫాయిడ్ అని తేలింది. నిమ్మకాయ సంగతి సాయంత్రం తెలిసింది. అవ్వ మనవడు కొత్త ఆటో కొన్నాడు. మూడు చక్రాల కింద మూడు పెడితే రెండే నలిగాయి, మూడోది జారి మా గడప దాకా దొర్లింది!

మిగిలిన సగం పదిరోజుల తర్వాత పూర్తిచేశాను. వణుకు ఏమాత్రం తగ్గలేదు, అంతే ఇష్టంగా చదివాను. అవ్వకి చదువు రాదు. కందికాయలు వలుస్తూ సాయంత్రాలు రెండు భాగాలూ ఆమెకి చెప్పాను. ఆ రాత్రి నేను అనుకున్నది మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

కథ అయిపోయాక అవ్వ చేతులు దులుపుకుని, "గింతేనా? మళ్ల ఏమైతది? మూడోది లేదా బిడ్డా?" అంది.