బొప్పాయి ఆకు రసం, పక్కన ఓ నీలిరంగు అంకె

వానలు పడి ఊళ్ళో డెంగీ మాట వినబడగానే ఇంట్లో రెండు పనులు జరుగుతాయి. ఒకరు బొప్పాయి చెట్టు ఎవరి పెరట్లో ఉందో కనుక్కోవడానికి బయల్దేరతారు. ఇంకొకరు ఫోను తీసి ఆ జబ్బు పేరు కొడతారు. ఈ రెండో మనిషికి తెరమీద ముందు వరసలో ఎదురయ్యేది చాలాసార్లు వికీపీడియా పేజీయే. 2013 ఒక్క ఏడాదిలో అన్ని భాషల వికీపీడియాల్లో కలిపి వైద్య వ్యాసాలను 488 కోట్ల సార్లు తెరిచారని ఒక లెక్క. రోగులే కాదు, డాక్టర్లు కూడా ఎక్కువగా చూసే ఆరోగ్య సమాచారం ఇదేనని మరుసటి ఏడాది ఐఎంఎస్ ఇన్‌స్టిట్యూట్ నివేదిక చెప్పింది. ఇంతమంది చదివే ఈ పేజీల గురించి మన మధ్య తిరిగే మాటల్లో మాత్రం పూర్తి నిజాలు తక్కువ. పూర్తి అబద్ధాలు కూడా తక్కువే.

అపోహ: ఎవరు పడితే వాళ్ళు రాస్తారు. అందులో ఏముందో నమ్మలేం.

మొదటి వాక్యం నిజం. ఎవరైనా రాయొచ్చు. రాసింది నిలబడుతుందా అన్నది వేరే సంగతి.

వికీపీడియాలో ప్రతి పేజీకీ 'చరిత్ర' అని ఒక మీట ఉంటుంది. చదివేవాళ్ళలో దాన్ని నొక్కేవాళ్ళు అరుదు. నొక్కితే ఆ వ్యాసం పుట్టినప్పటి నుంచి ఏ తేదీన, ఏ నిమిషాన, ఏ వాడుకరి ఏ మాట మార్చారో వరసగా కనిపిస్తుంది. పక్కనే 'చర్చ' పేజీ. ఆ మార్పు ఎందుకు చేశారో, ఎవరు కాదన్నారో, చివరికి ఏం తేలిందో అక్కడ ఉంటుంది. అచ్చయిన వైద్య పుస్తకంలో ఈ తెరవెనక భాగోతం మనకెప్పుడూ కనబడదు.

పిచ్చిరాతల సంగతికొస్తే, ఇంగ్లీషు వికీపీడియాలో క్లూబాట్ ఎన్‌జీ అనే ప్రోగ్రాము 2010 నుంచీ కాపలా కాస్తోంది. బూతులూ చెత్తా కనబడితే క్షణాల్లో వెనక్కి తిప్పేస్తుంది. దాని కన్నుగప్పినవి 'వీక్షణ జాబితా' పెట్టుకున్నవాళ్ళ కంట్లో పడతాయి. వాళ్ళు కాపలా కాసే పేజీలో కామా మారినా వాళ్ళకి తెలిసిపోతుంది.

అలాగని తప్పులుండవని చెప్పడం లేదు. 2005 డిసెంబరులో నేచర్ పత్రిక 42 సైన్సు వ్యాసాలను తీసుకుని, వికీపీడియావీ బ్రిటానికావీ పక్కపక్కన పెట్టి నిపుణులకిచ్చింది. సగటున ఒక్కో వ్యాసంలో వికీపీడియాకు నాలుగు పొరపాట్లు, బ్రిటానికాకు మూడు తేలాయి. బ్రిటానికా ఆ లెక్కను గట్టిగా ఖండించింది. ఆ వాదం ఎలా ఉన్నా, డబ్బిచ్చి రాయించిన పుస్తకంలోనూ వ్యాసానికి మూడు తప్పులుండటమే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది.

అపోహ: దీని వెనక పెద్ద కంపెనీ, జీతాల మీద పనిచేసే డాక్టర్ల బృందం ఉంటుంది.

2013 చివరికి 255 భాషల్లో లక్షా యాభై అయిదు వేలకు పైగా వైద్య వ్యాసాలున్నాయి. వాటిని నిలకడగా పట్టించుకునే ముఖ్య రచయితలు ఎంతమంది ఉన్నారని లెక్కపెడితే, 300 మంది కూడా లేరు. వాళ్ళలో సుమారు సగం మంది డాక్టర్లు, నర్సులు, వైద్యరంగంలో పనిచేసేవాళ్ళు. మిగతా సగం చదువుకున్న మామూలు మనుషులు. ఎవరికీ పైసా జీతం లేదు. పైగా ఆ సంఖ్య అప్పటికి అయిదేళ్ళుగా తగ్గుతూ వస్తోంది.

ఈ లెక్కగట్టినవాళ్ళలో ఒకరు జేమ్స్ హైల్‌మన్, కెనడాలో ఎమర్జెన్సీ డాక్టరు. ఒక రాత్రి డ్యూటీలో కాస్త తీరిక చిక్కి ఆయన ఊబకాయం గురించిన వికీపీడియా వ్యాసం తెరిచారట. తప్పుల తడక. పేజీ మూసేసి తిట్టుకుంటే అక్కడితో అయిపోయేది. ఆయన 'మార్చు' నొక్కారు. ఇంగ్లీషు వికీపీడియాలో వైద్య వ్యాసాలు చూసుకునే బృందం ఆయన రాకముందే, 2004 నుంచే ఉంది. తర్వాత ఆ పనిలో ఆయన పేరే ముందు వినబడసాగింది. ఏ కొత్త వాడుకరి ఏ జబ్బు పేజీలో తప్పు పెట్టినా చాలాసార్లు తెల్లారేసరికి దిద్దుబాటు కనబడటం వెనక ఇలాంటి నైట్ డ్యూటీలు చాలా ఉన్నాయి.

అపోహ: డాక్టరు రాస్తే ఇక తిరుగుండదు.

ఇక్కడే చాలామంది పెద్ద డాక్టర్లకు తల కొట్టేసినట్టవుతుంది. పాతికేళ్ళు ప్రాక్టీసు చేసిన మనిషి వచ్చి, 'నా అనుభవంలో ఈ మందు బాగా పనిచేసింది' అని ఒక వాక్యం చేరుస్తాడు. గంటలో అది మాయమవుతుంది. తీసేసింది బహుశా డిగ్రీ రెండో ఏడు చదివే కుర్రాడు. కారణం దగ్గర రెండే మాటలుంటాయి: 'మూలం చూపలేదు.' డాక్టరుగారికి కోపం రావడంలో తప్పులేదు. కానీ తెర ఇవతల ఉన్న మనకు ఆయన నిజంగా డాక్టరో, మందుల కంపెనీ మనిషో, వట్టి గొప్పలు పోయేవాడో తెలిసే దారేది? అందుకే వికీపీడియా మనిషిని చూడదు, వాక్యం పక్కన చదరపు బ్రాకెట్లో ఉండే చిన్న నీలిరంగు అంకెను చూస్తుంది. ఆ అంకె నొక్కితే ఎక్కడికి తీసుకెళుతుందన్నదే అక్కడ అసలు హోదా.

నిపుణులకు చోటే లేదనీ కాదు. హైల్‌మన్, మరో వైద్యుడు జేకబ్ డి వోల్ఫ్, వైరాలజిస్టు గ్రాహం బియర్డ్స్ తదితరులు పెంచిన డెంగీ వ్యాసం 2014 అక్టోబరులో కెనడా వైద్యపత్రిక ఓపెన్ మెడిసిన్‌లో, నిపుణుల పరిశీలన దాటి అచ్చయింది. వికీపీడియా పేజీ ఒకటి వైద్యపత్రికకు ఎక్కడం అదే మొదలు. వాళ్ళ చదువు వాళ్ళకు ఉపయోగపడింది, ఏ మూలం గట్టిదో పోల్చుకోవడానికి.

అపోహ: పేపర్లో వచ్చింది, పరిశోధనలో తేలింది. ఇంకేం కావాలి?

బొప్పాయి ఆకు దగ్గరికి వద్దాం. 'బొప్పాయి ఆకు రసం తాగితే ప్లేట్‌లెట్లు పెరిగి డెంగీ తగ్గుతుంది' అని ఎవరో వ్యాసంలో చేర్చారనుకోండి. మూలంగా ఒక దినపత్రిక వార్త ఇచ్చారు. అంకె ఉంది కదా, ఉండనిస్తారా?

ఉండనివ్వరు. వైద్య విషయాలకు మూలాల నియమం మిగతా వ్యాసాలకంటే బిగువు. సినిమా విడుదల తేదీకి దినపత్రిక చాలు, మందు పనిచేస్తుందనడానికి చాలదు. ఆ వార్త దేన్ని చూసి రాశారని తవ్వుతారు. కొద్దిమంది రోగుల మీద చేసిన ఒక ప్రయోగం బయటపడుతుంది. అదీ చాలదు. ఎలుకల మీద చేసినవి అసలు లెక్కలోకే రావు. ఒకే విషయం మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ తూకం వేసి రాసిన సమీక్షలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వంటివాటి మార్గదర్శకాలు, పేరున్న పాఠ్యపుస్తకాలు కావాలి. అదీ వీలైతే గత అయిదేళ్ళలో వచ్చినవి. ఇలాంటి సమీక్షలే పనిగా చేసే కోక్రేన్ సంస్థ వికీపీడియా వాళ్ళతో చేతులు కలిపింది కూడా.

ఆ గీటురాయి మీద రుద్దితే బొప్పాయి వాక్యం ఏమవుతుంది? కొన్ని చిన్న ప్రయోగాల్లో ప్లేట్‌లెట్ల సంఖ్య కొంత పెరిగినట్టు కనబడింది, నిజమే. అయితే డెంగీలో జ్వరం తగ్గి మనిషి కోలుకుంటున్నప్పుడు ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి, రసం తాగినా తాగకపోయినా. అసలు ప్రమాదం ఒక్క ప్లేట్‌లెట్ల అంకెలోనే లేదు. సన్న రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయి బీపీ పడిపోవడంలో ఉంది. అది చాలామందిలో జ్వరం దిగుతున్న రోజుల్లోనే, ఇంట్లోవాళ్ళు 'అమ్మయ్య' అనుకునే వేళకే మొదలవుతుంది. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మగతగా ఉండటం దాని హెచ్చరికలు. రసం వల్ల ప్రాణాలు నిలబడతాయనడానికి గట్టి ఆధారం లేదు. కాబట్టి చర్చ పేజీలో నాలుగు రోజులు నలిగాక ఆ వాక్యం ఇంచుమించు ఇలా మిగులుతుంది: 'బొప్పాయి ఆకు రసాన్ని వాడుతున్నారు; దాని ప్రయోజనానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయి.' చప్పగా ఉంది కదూ! నాకు మాత్రం ఆ చప్పదనమే ముద్దు. వాట్సాప్‌లో వచ్చే ఆరోగ్య సందేశం ఏదీ ఇంత చప్పగా ఉండదు.

అపోహ: వాళ్ళకు ఆయుర్వేదమంటే పడదు, హోమియో అంటే కక్ష.

ఈ గొడవ మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇంగ్లీషు వికీపీడియా ఆయుర్వేదాన్ని వ్యాసం మొదట్లోనే శాస్త్రం కాని శాస్త్రమన్నట్టు రాసిందని ఆయుర్వేద మందుల తయారీదార్ల సంస్థ ఒకటి పిటిషన్ వేసింది. 2022 అక్టోబరులో కోర్టు దాన్ని కొట్టేస్తూ, కావాలంటే ఆ వ్యాసాన్ని మీరే సవరించుకోవచ్చు కదా అంది. వినడానికి సరదాగా ఉన్నా పని అంత సులువు కాదు. ఇలా తగువులు ముదిరిన పేజీలకు తాళం పడుతుంది. తేలికపాటి తాళానికే నాలుగు రోజుల వయసు, పది మార్పుల అనుభవం ఉన్న ఖాతా కావాలి. గట్టి తాళమైతే ఇంకా ఎక్కువ. మిగతావాళ్ళు చర్చ పేజీలో మూలాలు పెట్టి అడగాల్సిందే.

ఆ వ్యాసం గొంతు కాస్త దురుసుగా ఉందని నాకూ అనిపిస్తుంది. ఒక వైద్యపద్ధతి చరిత్ర, దాన్ని నమ్మే కోట్లమంది బతుకు ఒక ముద్రతో తేలిపోవు. కానీ అల్లోపతి మందుకైనా కషాయానికైనా అక్కడ పెట్టిన తూకంరాయి ఒకటే. మంచి సమీక్షలు ఎవరు తెస్తే వాళ్ళ మాట నిలబడుతుంది.

అపోహ: మందు ఎంత వేసుకోవాలో కూడా అందులో చూసుకోవచ్చు.

చూసుకోకూడదు, సాధారణంగా ఉండదు కూడా. డోసులు రాయొద్దన్నది వాళ్ళ శైలి నియమం. 'మీరు ఇలా చెయ్యండి' అని చదివేవాళ్ళతో మాట్లాడొద్దన్నది ఇంకొకటి. ఎక్కడైనా మాత్రల లెక్క కనిపిస్తే చాలావరకు ఆ పేజీని ఇంకా ఎవరూ దిద్దలేదని అర్థం.

అపోహ: ఇంగ్లీషులో ఉందిగా. తెలుగులోకి మెషీనే తిప్పేస్తుంది.

ఇది ఒకసారి చేసి చూసిన పనే. 2009–11 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో, డబ్బు తీసుకునే అనువాదకుల చేత తెలుగు, తమిళం, కన్నడం లాంటి వికీపీడియాల్లోకి ఇంగ్లీషు వ్యాసాలను తర్జుమా చేయించింది. కొండవీటి చాంతాడంత వ్యాసాలు వచ్చిపడ్డాయి. వాక్యం మొదలు చదివి చివరికొచ్చేసరికి కర్త ఎవరో మర్చిపోయేటట్టు ఉండేవి. తమిళ వికీపీడియన్లు 2010లో పోలండ్‌లో జరిగిన వికీమేనియా సదస్సులో ఆ లోపాలను విప్పి చెప్పారు.

వైద్యంలో మాట జారితే నవ్వుకుని వదిలెయ్యలేం. డాక్టర్లు 'అక్యూట్' అంటే హఠాత్తుగా మొదలై కొద్దిరోజుల్లో అటో ఇటో తేలేది. మామూలు జలుబు కూడా అక్యూటే. తెలుగులో దాన్ని అలవాటుగా 'తీవ్రమైన' అంటాం. 'సివియర్'ని కూడా 'తీవ్రమైన' అనే అంటాం. రెండూ ఒకే పేరాలో వస్తే చదివేవాడికి ప్రతి జబ్బూ ప్రాణం మీదికొచ్చినట్టే ఉంటుంది. పరీక్షలో పాజిటివ్ వచ్చిందన్న మాటను 'సానుకూల ఫలితం' అని తిప్పితే రోగి స్వీట్లు పంచుకోవాలి.

జబ్బు పేర్లది ఇంకో తంటా. మన జనం 'పక్షవాతం' అని వెతుకుతారు, వ్యాసం 'స్ట్రోక్' పేరు మీద ఉండొచ్చు. రెండూ ఒకటీ కాదు: స్ట్రోక్ మెదడులో జరిగే ప్రమాదం, కాలూ చెయ్యీ పడిపోవడం దాని ఫలితాల్లో ఒకటి. ఆటలమ్మ, తట్టు, పొంగు, అమ్మవారు – ఏ ఇంట్లో ఏ దద్దురుకు ఏ పేరో ఆ ఇంటి ముసలమ్మే చెప్పాలి. వెతికే మాటను అసలు వ్యాసానికి కలిపే 'దారిమార్పు' పేజీలు మెషీను పెట్టదు, ఈ పేర్లు తెలిసిన మనిషి పెట్టాలి.

హైల్‌మన్ బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు నచ్చింది. ముందు ఇంగ్లీషు వ్యాసంలో మొదటి నాలుగు పేరాలను తేలిక మాటల్లోకి తెచ్చి, ప్రతి వాక్యానికీ మూలం చూసి, అంతవరకే ట్రాన్స్‌లేటర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ అనువాదకులకు ఇచ్చేవారు. చాంతాడు వద్దు, చెంబెడు నీళ్ళు చాలన్నమాట.

అపోహ: ఇదంతా పెద్ద చదువులవాళ్ళ పని.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో వైద్య కళాశాలలో 2013 నుంచి ఆఖరి సంవత్సరం విద్యార్థులు వికీపీడియా వ్యాసాలు దిద్ది, దానికి కోర్సు క్రెడిట్ తీసుకున్నారు. మన వైద్య కళాశాలల్లో ఏ ఒక్కటి ఈ పని పెట్టినా తెలుగు పేజీల రూపు మారిపోతుంది. అదొక్కటే దారి కూడా కాదు. నర్సులు, ఆశా కార్యకర్తలు జనం వాడే పేర్లు చెప్పొచ్చు. తెలుగు మేష్టార్లు 'తీవ్రమైన' లాంటి చిక్కులు విప్పొచ్చు. మూలం తెలియని వాక్యం పక్కన 'మూలం కావాలి' అని గుర్తు పెట్టడానికి ఏ చదువూ అక్కర్లేదు.

మీ ఇంట్లో ఎంబీబీఎస్ చదివే పిల్ల ఉంటే, ఈ సెలవుల్లో తెలుగు వికీపీడియాలో డెంగీ పేజీ తెరిచి ఒక్క పేరాకు మూలాలు సరిచూడమనండి. ఎక్కడైనా అడ్డం తగిలితే రచ్చబండలో అడగమనండి. వాడుకరులు కలిసి చర్చించుకునే పేజీకి తెలుగు వికీపీడియాలో నిజంగానే ఆ పేరు పెట్టారు.